నవ్వే పుస్తకం మీద ఈ చిన్నచూపు ఎందుకు?

"మన భాష ఇక్కడ చచ్చిపోతుంటే మీకు నవ్వులాటలా?"

మా హోసూరులో నెలకోసారి కూడే చదువరుల కూటమిలో పోయిన నెల ఒక పెద్దమనిషి నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆయన పేరుతో పనిలేదు. మంచివాడు, తెలుగు కోసం చెప్పులరిగేలా తిరిగినవాడు. అందుకే ఆ మాట ఎక్కువ నొప్పించింది.

జరిగింది ఇదీ. పిల్లల పుస్తకాల అర ఒకటి పెట్టాలని అందరం చందాలు వేసుకుని 5 వేల రూపాయలు పోగుచేశాం. ఏమేం కొనాలో రాసి తెమ్మని నాకు అప్పగించారు. 12 పుస్తకాల పేర్లు రాసుకుపోయాను. మాయలున్నవి, నవ్వించేవి, చివరికి మంచి జరిగేవి ఏరి ఏరి రాశాను. కూటమి ముగిసేసరికి అందులో రెండు మిగిలాయి. కొట్టేసిన పదింటి పక్కనా ఎర్రసిరాతో ఒకటే మాట: "కాలక్షేపం". వాటి స్థానంలో చేరినవేమిటంటే, పల్లె పాడైపోయిన కథలు, చెరువు ఎండిపోయిన కథలు, అవ్వ చచ్చిపోయిన కథలు. అన్నీ మంచి కథలే. నేనూ చదివినవే. కానీ తొమ్మిదేళ్ళ బిడ్డ చేతిలో మొట్టమొదట పెట్టవలసినవి అవేనా?

ఆ పూట నాకు నోరు పెగల్లేదు. నెల రోజులుగా కూడబెట్టుకున్న జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆ ప్రశ్న ఆయన ఒక్కరిదే అయితే ఇంటికి వెళ్ళి మాట్లాడుకునేవాణ్ణి. బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఈ పత్రిక చదివేవాళ్ళు కూడా ఎప్పుడో ఒకప్పుడు దీన్ని విని ఉంటారు, లేదా తామే అని ఉంటారు. నేనూ అన్నాను. ముందు ఆ పాపం ఒప్పుకుంటాను.

నేను సిప్‌కాట్‌లోని ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమస్తాగా పనిచేసి రిటైరయినవాణ్ణి. సాహిత్యంలో పట్టా లేదు. చిన్నప్పుడు మా ఇంట్లో తెలుగంటే చందమామే. మద్రాసునుంచి వచ్చే ఆ సంచిక కోసం నేనూ మా అన్నా తగవులాడుకునేవాళ్ళం. 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' లాంటి సీరియళ్ళు చదివాం. చిత్రా గారి బొమ్మల్లో మాంత్రికుడి గడ్డం ఎన్ని పాయలుగా ఉందో లెక్కపెట్టేవాళ్ళం. మా నాయన చదువుకోలేదు. చదివి వినిపిస్తే ఆయన నవ్విన నవ్వుకు గోడమీది బల్లి కూడా జారిపడేది.

పెద్దవాణ్ణయ్యాక నాకు బుద్ధి వచ్చిందనుకున్నాను. సభలకు పోవడం, పెద్దల ఉపన్యాసాలు వినడం మొదలైంది. గొప్ప సాహిత్యమంటే బాధ అని, నవ్వు పిల్లకాయలకని, మాయ మూర్ఖులకని ఎవరూ నోరు తెరిచి చెప్పకపోయినా వాతావరణంలోనే ఆ మాట ఉండేది. దాన్ని పీల్చాను. చందమామ కట్టలు అటకెక్కాయి. మా అబ్బాయికి పదేళ్ళు వచ్చినప్పుడు వాడి చేతిలో పెట్టినవన్నీ 'విలువైన' పుస్తకాలే. ఒకదాంట్లో పేదరైతు ఉరేసుకుంటాడు. ఇంకోదాంట్లో తల్లి క్షయతో పోతుంది. మరోదాంట్లో కుక్క కూడా చచ్చిపోతుంది.

వాడు ఓపిక పట్టి మూడు చదివాడు. నాలుగోది ఇచ్చినప్పుడు అడిగాడు: "నాన్నా, తెలుగులో ఎవరూ నవ్వరా?"

ఆ ప్రశ్నకు నేను కోప్పడ్డాను. నవ్వాలంటే సినిమాకు పొమ్మన్నాను. వాడు పోయాడు. సినిమాకు కాదు, ఇంగ్లీషుకు. మళ్ళీ తెలుగు పుస్తకం ముట్టలేదు. ఇస్కూల్లో ఇంగ్లీషు, వీధిలో తమిళం, బెంగుళూరు కాలేజీలో కన్నడం ఉన్నా, వాటి తప్పు కొంతే. మిగతా తప్పు నాది. తలుపు తట్టిన పిల్లవాడికి నేను చావింటి గుమ్మం చూపించాను.

తర్వాతి కథ వినండి. 1990లలో వాడు బెంగుళూరులో ఇంజనీరింగు చదివేటప్పుడు అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాలు కొని తెచ్చుకునేవాడు. ఒక ఆదివారం పక్కగదిలో ఒంటరిగా పగలబడి నవ్వుతున్నాడు. తలుపు సందులోంచి చూస్తే చేతిలో ఇంగ్లీషు పుస్తకం. నిజం చెబుతున్నాను, నాకు అసూయ పుట్టింది. నా కొడుకు నవ్వు నా భాషలో లేదే అని. వాడు సెలవులు ముగించుకుని వెళ్ళాక ఆ పుస్తకం తీశాను. నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకు నాలుగు పేజీల చొప్పున, రెండు నెలలు చదివాను. నాకూ నవ్వు ఆగలేదు.

ఆ పుస్తకం టెర్రీ ప్రాచెట్ అనే ఇంగ్లీషాయన 1992లో అచ్చువేసిన 'స్మాల్ గాడ్స్'. ఆయన 1983లో మొదలుపెట్టి 41 నవలలు ఒకే లోకం మీద రాశాడు. ఆ లోకం పళ్ళెంలా బల్లపరుపుగా ఉంటుంది. దాన్ని నాలుగు ఏనుగులు వీపుల మీద మోస్తుంటాయి. ఆ ఏనుగులు ఒక పెద్ద తాబేలు మీద నిలబడి ఉంటాయి. ఆ తాబేలు ఆకాశంలో ఈదుకుంటూ పోతూ ఉంటుంది. ఇది చదివి నేను పుస్తకం మూసి, లేచి నిలబడ్డాను. మన కూర్మం, మన దిగ్గజాలు! మా అవ్వ చెప్పిన లోకం ఇంగ్లండులో కాపురం పెట్టి నవ్వుతూ కూచుంది. మనం మాత్రం దాన్ని పుక్కిటి పురాణమని అటక మీద పడేశాం.

'స్మాల్ గాడ్స్' కథ మన కూటములకు తగిలే కథ, అందుకని కాస్త చెబుతాను. ఆ లోకంలో దేవుళ్ళకు బలం భక్తుల నమ్మకం నుంచి వస్తుంది. ఓం అనే పేరున్న పెద్ద దేవుడు ఒకడున్నాడు. (అవును, పేరు అదే.) ఆయన పేరుమీద పెద్ద రాజ్యం, పెద్ద గుడి, పూజారులు, విచారణాధికారులు, చిత్రహింసల కొట్లు, అన్నీ ఉన్నాయి. ఆయన వృషభ రూపంలో భూమి మీదికి దిగాలనుకుంటాడు. తీరా దిగి చూసుకుంటే చిన్న తాబేలుగా ఉన్నాడు. ఎందుకు? లక్షలమంది గుడికి వస్తున్నారు గానీ, వాళ్ళు నమ్ముతున్నది గుడిని, భయపడుతున్నది అధికారులకు. దేవుణ్ణి నిజంగా నమ్మేవాడు ఒక్కడే మిగిలాడు. తోటలో పుచ్చకాయలు పెంచే బ్రూథా అనే చదువురాని కుర్రవాడు. తాబేలు మాట వాడికొక్కడికే వినిపిస్తుంది.

నవ్వుతూ చదువుతున్నవాణ్ణి అక్కడ ఆగిపోయాను. ఇది మా సంగతి కదా! తెలుగు పేరు మీద మాకు సంఘాలున్నాయి, వార్షికోత్సవాలున్నాయి, శాలువాలున్నాయి, ఉగాది కవి సమ్మేళనాలున్నాయి. ఇంటికి పోయి ఒక తెలుగు పుస్తకం తనకోసం, ఇష్టంగా, నవ్వుకుంటూ చదివేవాళ్ళు ఎంతమంది? గుడి పెద్దది. దేవుడు తాబేలయ్యాడు. ఈ మాట నాకు ఏ సభలోనూ ఎవరూ చెప్పలేదు. ఒక నవ్వులాట పుస్తకం చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది: ఒక్కడు మిగిలినా చాలు, కథ అయిపోలేదు. నవల చివరికి ఆ దేవుడు మళ్ళీ పెద్దవాడవుతాడు. ఆ ఒక్క భక్తుడి మాట వినడం నేర్చుకున్నాకే అవుతాడు.

ఇప్పుడు నామీది ఆరోపణలు ఒక్కొక్కటీ తీసుకుంటాను.

మొదటిది, "ఇది పలాయనం. కష్టంలో ఉన్నవాడికి మాయకథలు చెప్పడం మత్తుమందు ఇవ్వడమే."

అయ్యా, కొడవటిగంటి కుటుంబరావు గారు మీకు తెలుసు. 'చదువు' రాసినాయన. మధ్యతరగతి బతుకును చాకులాంటి మాటతో కోసి చూపించినాయన. విప్లవ రచయితల సంఘంలో సభ్యుడు. ఆయన్ని పలాయనవాది అన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఆ కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఏం చేశారు? చందమామ నడిపారు. 28 ఏళ్ళు. మాంత్రికులు, మాట్లాడే పక్షులు, భేతాళుడు, రాక్షసులతో నిండిన కథలకు తన తెలుగు ఇచ్చారు. అదే ఆఫీసులో దాసరి సుబ్రహ్మణ్యం గారు మన తరం నిద్ర మానుకుని చదివిన సీరియళ్ళు రాశారు, తన పేరైనా వేసుకోకుండా. లోకం మారాలని కోరుకున్న మనిషికి మాయకథ అడ్డం రాలేదు. మారడం సాధ్యమేనని బిడ్డ మనసుకు ముందు తెలియాలి. కప్ప రాజకుమారుడవుతాడని నమ్మిన బుర్రే, కూలివాడి కొడుకు కలెక్టరవుతాడని నమ్మగలదు.

కష్టం గురించి ఈ పుస్తకాలకు తెలియదంటారా? ప్రాచెట్ 1993లో రాసిన 'మెన్ ఎట్ ఆర్మ్స్' నవలలో వైమ్స్ అనే కాపలా దళం అధికారి ఉంటాడు. జీతం తక్కువ, కాళ్ళు ఎప్పుడూ తడి. అతను బూట్ల గురించి ఆలోచిస్తాడు. మంచి తోలు బూట్లు 50 డాలర్లు, ఏళ్ళ తరబడి మన్నుతాయి. పేదవాడు ఒక్కసారిగా అంత పెట్టలేడు, 10 డాలర్లవి కొంటాడు. అవి ఏడాది తిరిగేసరికి అట్ట బయటపడి నీళ్ళు పీలుస్తాయి. మళ్ళీ కొనాలి. పదేళ్ళయ్యేసరికి పేదవాడు 100 డాలర్లు ఖర్చుపెట్టి ఉంటాడు, అయినా కాళ్ళు తడిగానే ఉంటాయి. డబ్బున్నవాడు ఇంకా పాత జత మీదే ఉంటాడు. పేదరికం ఎంత ఖరీదైనదో ఇంతకంటే తేలిగ్గా ఎవరు చెప్పారు? నేను ముప్పై ఏళ్ళు వాయిదాల మీద సైకిలు, వాయిదాల మీద మిక్సీ కొన్నవాణ్ణి. ఆ పేజీ చదివి మొదట నవ్వాను, తర్వాత నా బూట్లు చూసుకున్నాను.

రెండో ఆరోపణ, "ఇది మన సంప్రదాయం కాదు, దొరల దగ్గర్నుంచి తెచ్చుకున్న సరుకు."

ఇది అన్నవాళ్ళు సంప్రదాయం ఎప్పుడు చూశారో నాకు తెలియదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాశాడు. అందులో అసలు రంభ, రంభ వేషం ధరించిన ఇంకో అమ్మాయి ఎదురెదురుపడి, నువ్వు దొంగవంటే నువ్వు దొంగవని పోట్లాడుకుంటారు. ఒక పసిపిల్ల పూర్వజన్మ సంగతులు మాట్లాడుతుంది. చిక్కు మీద చిక్కు వేసి, చివరికి అన్నీ విప్పి, అందర్నీ సుఖంగా ఇంటికి చేరుస్తాడు సూరన. దీన్ని ఏమంటారు? నేనైతే హాస్యంతో కూడిన అద్భుత నవల అంటాను. దొరలు మన రేవుల్లో దిగి అంగళ్ళు పెట్టకముందే రాసినది.

తర్వాత మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు చూడండి. మణిసిద్ధుడు, గొల్లపిల్లవాడు కాశీకి నడుస్తారు. మజిలీకో కథ. 12 భాగాలు. కథ చెబితేనే నడుస్తానని ఆ పిల్లవాడి పంతం. అతన్ని నడిపించింది ఉపదేశం కాదు, కుతూహలం. మన పిల్లల్ని తెలుగు దారిలో నడిపించాలనుకునేవాళ్ళు ఆ గురువును చూసి నేర్చుకోవద్దూ?

1957లో మద్రాసు విజయా-వాహినీలో తయారైన 'మాయాబజార్' మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇప్పటికీ ఆడుతూనే ఉంది. మా వీధిలో తెలుగు అక్షరం రాని కుర్రాళ్ళు కూడా 'అస్మదీయులు' అంటారు. ఎదుటిపక్షం వాళ్ళను 'తసమదీయులు' అంటారు. ఆ రెండో మాట ఏ నిఘంటువులో ఉంది? పింగళి నాగేంద్రరావు గారు నవ్వుకోసం పుట్టించారు. నవ్వుకోసం పుట్టిన మాట ఆరు దశాబ్దాలు దాటి నిలిచింది. మనం సభల్లో తీర్మానించిన మాటల్లో ఎన్ని నిలిచాయి? చెప్పండి.

ఇక విశ్వనాథ సత్యనారాయణ గారు. ఆయన భావాలతో నాకు చాలా పేచీలున్నాయి, అవి ఇక్కడ వద్దు. పోతున్న కాలం గురించి 'వేయిపడగలు' అంత పెద్ద దుఃఖాన్ని మోసిన చెయ్యి అది. ఆ చేత్తోనే 'హాహా హూహూ' రాశారు. లండనులో ట్రఫాల్గర్ స్క్వేరులో గుర్రం తల ఉన్న గంధర్వుడు ఒకడు పడతాడు. లండనువాళ్ళు పట్టుకుని బోనులో పెడతారు. పండితులొచ్చి పరీక్షిస్తారు. ఆయన సంస్కృతంలో మాట్లాడతాడు. కాసేపటికి బోనులో ఉన్నది ఎవరో, చూడవచ్చింది ఎవరో మనకే అనుమానం వస్తుంది. 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' మరీ చిత్రం. పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మ, తిక్కనతో కలిసి కల్లోకి వచ్చి ఇంగ్లీషు నేర్చుకుంటానంటాడు. ఆ భాష రాతకూ పలుకుబడికీ ఉన్న పొంతనలేనితనం మీద ఆయన వేసే ప్రశ్నలకు పాఠం చెప్పేవాడు చెమటలు కక్కుతాడు. పరాయి భాష నెత్తిన కూచున్నవాళ్ళం మనం. ఆ బరువు గురించి వెయ్యి వ్యాసాలు చదివాను. నడుము తేలిగ్గా అనిపించింది ఈ ఒక్క పుస్తకం చదివినప్పుడే. బలవంతుణ్ణి చూసి నవ్వగలిగినవాడు పూర్తిగా ఓడినట్టు కాదు.

విశ్వనాథ గారికి జ్ఞానపీఠం వచ్చిందని సభల్లో చెబుతాం. ఈ రెండు పుస్తకాల పేర్లు ఎవరూ ఎత్తరు. నా జాబితాలోంచి కొట్టేసిన పదింటిలో ఈ రెండూ ఉన్నాయి. పిల్లలకు కొంచెం బరువేనని నాకూ తెలుసు, పెద్దవాళ్ళు చదివి చెప్పడానికని రాశాను. ఎర్రసిరా పెట్టినవారు 'వేయిపడగలు' రచయితను కాలక్షేపం రాతగాడని తేల్చారన్నమాట!

మూడో ఆరోపణ అన్నిటికంటే గట్టిది. దానికి నేను తల వంచి జవాబు చెబుతాను. "ఆశ అబద్ధం. ఇక్కడ తెలుగు బడులు మూతపడుతున్నాయి. పిల్లలు అక్షరాలు మరిచిపోతున్నారు. అంతా మంచే జరుగుతుందని చెప్పే పుస్తకం మోసం చేస్తుంది."

ఇక్కడి సంగతి నాకు తెలియక కాదు. 2006లో తమిళనాడులో తమిళం తప్పనిసరి చేసిన చట్టం వచ్చినప్పటినుంచి మా ఊళ్ళ పిల్లల చదువు ఎట్లా మారిందో కళ్ళారా చూశాను. తమిళం మీద నాకు కోపం లేదు, నేనూ తమిళంలో కొట్లాడగలను. మా భాషకు చోటు చిన్నదవుతోందన్నది వాస్తవం. దాన్ని దాచే పుస్తకం నాకూ వద్దు.

కానీ ఆశగల పుస్తకమంటే అంతా బాగుందని చెప్పే పుస్తకం అనుకోవడంలోనే పొరపాటుంది. జపానులో టెట్సుకో కురొయనాగి రాసిన 'తొత్తోచాన్' 'రైలుబడి' పేరుతో తెలుగులో దొరుకుతుంది. నా జాబితాలో అదీ ఉంది. పాత రైలు పెట్టెల్లో నడిచే బడి. కొండమీది తిండి, సముద్రం తిండి రెండూ డబ్బాలో తెచ్చుకోమనే హెడ్మాస్టరు. ఇంకో బడి వెళ్ళగొట్టిన పిల్లను కూచోబెట్టుకుని గంటల తరబడి ఆమె మాటలు విన్న మనిషి. చదువుతున్నంతసేపూ నవ్వే. 1945లో బాంబులు పడి ఆ బడి కాలిపోతుంది. రచయిత్రి అది దాచలేదు. హెడ్మాస్టరు వీధిలో నిలబడి, కాలుతున్న బడిని చూస్తూ, ఈసారి ఎట్లాంటి బడి కట్టుకుందామని కొడుకును అడుగుతాడు. ఆశ అంటే నాకు తెలిసినంతవరకు ఇదే. మంట కనిపిస్తూనే ఉంటుంది. ఆ మంట వెలుగులోనే తర్వాతి పని గురించి మాట్లాడతాడు. మా కూటమిలో మంట గురించి ముప్పై ఏళ్ళుగా మాట్లాడుతున్నాం. తర్వాతి బడి గురించి అడిగినవాణ్ణి నవ్వులాటలా అని గదమాయిస్తున్నాం.

ప్రాచెట్ సంగతీ అంతే. 2007లో తనకు మతిమరుపు జబ్బు, అల్‌జీమర్స్, వచ్చిందని ఆయనే లోకానికి చెప్పాడు. మాటలతో బతికేవాడికి మాటలు పోతాయని తెలియడం ఎట్లాంటిదో ఊహించుకోండి. చేతులు టైపు మీద పనిచేయకపోతే చెప్పి రాయించాడు. 2015లో పోయేదాకా నవ్వించే పుస్తకాలే రాశాడు. మాటలు జారిపోతున్న మనిషి ఏడుస్తూ కూచోకుండా చివరిదాకా మాటలతో ఆడుకున్నాడు. మాటలు జారిపోతున్న మా ఊళ్ళకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంది?

ఎదుటివారి పక్షాన రెండు మాటలు నేనే చెబుతాను, న్యాయం కోసం. మాయలున్న ప్రతి పుస్తకమూ మంచిది కాదు. 1980లలో వారపత్రికలను ముంచెత్తిన క్షుద్ర నవలలు నాకు గుర్తున్నాయి. చేతబడులు, నిమ్మకాయలు, పుర్రెలు. అవి మాయ పేరుతో భయం అమ్మాయి. మా ఇంటి పక్క ఒక ముసలావిడను మంత్రగత్తె అని వీధివాళ్ళు నీళ్ళబిందె దగ్గరికి కూడా రానివ్వకపోవడం నేను చూశాను. అట్లాంటి పుస్తకం నా జాబితాలో ఒక్కటీ లేదు. అట్లాగే ఎదుటివాడి కులాన్నో, యాసనో, అవిటితనాన్నో చూపించి నవ్వించేది కూడా నాకు హాస్యం కాదు. మా హోసూరు యాసను సినిమాల్లో ఎట్లా వాడుకున్నారో మాకు తెలుసు.

రెండో మాట. ఏడిపించే పుస్తకాలు వద్దనడం లేదు. ఎండిన చెరువు గురించి ఎవరో ఒకరు రాయాలి. అవి లేకపోతే మనం ఎవరమో మనకే గుర్తుండదు. పెద్దల అరలో అవి వంద ఉండనివ్వండి. నా తగవంతా ఒక్క చోటే. దుఃఖానికి మాత్రమే గౌరవం ఇచ్చి, నవ్వుకు చాకిరీ మాత్రమే ఇవ్వడం దగ్గర. పిల్లల్ని పిలవడానికి నవ్వు కావాలి, పీట వేసేటప్పుడు మాత్రం అది అక్కర్లేదు!

తక్కువమంది మాట్లాడే చోట ఇది రుచుల తగాదా కాదు. హైదరాబాదులోనో విజయవాడలోనో పిల్లవాడికి తెలుగు పుస్తకం నచ్చకపోతే నష్టం కొంతే. తెలుగు వాడి చుట్టూ ఉంది, బోర్డుల మీద ఉంది, బస్సుల మీద ఉంది. మా బిడ్డలకు తెలుగు చదవడానికి ఏ అవసరమూ లేదు. ఉద్యోగానికి అక్కర్లేదు, పరీక్షకు అక్కర్లేదు, బస్సెక్కడానికి అక్కర్లేదు. అవసరం లేనిచోట మిగిలేది ఇష్టం ఒక్కటే. ఇష్టం పుట్టించేది ఏమిటి? "ఇది చచ్చిపోతోంది, నువ్వు మొయ్యి" అంటే ఏ బిడ్డ భుజం పెడుతుంది? పాడె మొయ్యమంటే పెద్దవాళ్ళే వెనక్కి తగ్గుతారు.

మా మనుమరాలికి తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్నకు చేసిన పొరపాటు దానికి చెయ్యదలుచుకోలేదు. పోయిన వేసవిలో దానికి 'హాహా హూహూ' కథ నా మాటల్లో రోజుకు కాస్త చెప్పాను. చెప్పి, సరిగ్గా బోను దగ్గర ఆపేశాను. కావాలనే. మర్నాడు పొద్దున్నే దంతధావనం కూడా కాకముందు వచ్చి నిలబడింది: "తాతా, ఆ గుర్రం తలకాయాయన మళ్ళా ఏం జేసినాడు?" నాకు పనుంది, పుస్తకంలో ఉంది చూసుకో అన్నాను. "నాకు చదవను రాదు కదా!" అని కోప్పడింది. నేర్చుకుంటే వస్తుంది అన్నాను. కాసేపు మూతి ముడుచుకుని కూచుని, తర్వాత పలక తెచ్చింది.

ఇప్పుడు గుణింతాల్లో ఉంది. వత్తుల దగ్గర తంటాలు పడుతోంది. 'హూ'కు ఆ కొమ్ము ఎందుకంత పొడుగని అడుగుతుంది. ఆ పుస్తకం చదివే శక్తి దానికి ఇంకా ఏళ్ళకు గానీ రాదు. ఈలోపల చదువుకోవడానికి చిన్న చిన్న నవ్వే పుస్తకాలు కావాలి. మా కూటమి అరలో కొందామనుకున్నవి అవే. ఎర్రసిరా పడినవి అవే. వాళ్ళ నాన్న ఫోనులో ఈ సంగతంతా విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ గుర్రం తల పుస్తకం నాకూ ఒకటి తీసిపెట్టు నాన్నా" అన్నాడు. నలభై దాటినవాడు. తెలుగు పుస్తకం అడగడం ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి.

కూటమి పెద్దలకు నా మనవి మూడు ముక్కల్లో. పిల్లల అరలో సగం నవ్వే పుస్తకాలకు, మాయకథలకు కేటాయించండి. నెలకోసారి కూడినప్పుడు ఉపన్యాసాల్లో ఒకటి తగ్గించి, ఆ అరగంట పిల్లల్ని ముందు కూచోబెట్టి ఒక కథ బిగ్గరగా చదవండి. కథల పోటీ పెట్టినప్పుడు నియమాల్లో "జీవిత వాస్తవికతను ప్రతిబింబించాలి" అన్న వాక్యం తీసెయ్యండి, లేదా జీవితంలో నవ్వు కూడా వాస్తవమేనని పక్కన రాయండి. ఈ పత్రిక సంపాదకులకు ఒకటే మనవి: నెలకు రెండు పేజీలు చాలు, మన ఊళ్ళ యాసల్లో మన దయ్యాలు, మన గంధర్వులు, మన బస్టాండుల్లో దిగే కథలు అడిగి రాయించండి. ట్రఫాల్గర్ స్క్వేరులో దిగినవాడు బళ్ళారి కోటలో దిగలేడా? యానాం గోదావరి ఒడ్డున దిగలేడా?

వచ్చే నెల కూటమికి ఆ 12 పుస్తకాల జాబితా మళ్ళీ తెస్తాను. కొట్టేసిన పదింటిలో మూడు నా సొంతవి ఉన్నాయి, అవీ సంచిలో వేసుకొస్తాను. ఏ పేజీ చెబితే ఆ పేజీ అందరి ముందు చదువుతాను. ఆ పెద్దమనిషి ముందు వరసలో కూచోవాలి. చదివినంతసేపూ ఆయన నవ్వకుండా ఉండగలిగితే ఎర్రకలం నేనే ఆయన చేతికిస్తాను. ఆయన పక్కన మా మనుమరాలు కూచుంటుంది, ఆయన నవ్వాడో లేదో అదే చూసి చెబుతుంది.